ఎక్స్ అంటే ఏంటి మావయ్యా?

పోయిన ఆదివారం మధ్యాహ్నం. పప్పూ ఆవకాయా తిని, కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే మా అక్క దగ్గర్నుంచి వీడియో కాల్. "ఒరేయ్ తమ్ముడూ, దీనికి రేపు లెక్కల పరీక్షట. నువ్వు ఇంజినీరింగు వెలగబెట్టావుగా, కాస్త చెప్పరా" అని ఫోను మా మేనకోడలి చేతిలో పెట్టి తను వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా అక్కకి నా మీద ఇంత నమ్మకం ఉందని నాకు ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాక తెలిసింది :)

మేనకోడలు ఎనిమిదో తరగతి, విజయవాడలో ఇంగ్లీషు మీడియం. పాఠం పేరు ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు. (ఈ మాట దానికి తెలీదు, నేనూ మర్చిపోయి మా నాన్నని అడిగి తెలుసుకున్నాను.) లెక్క ఇదీ:

ఒక ఊరి జనాభా 6800. ఏటా 120 చొప్పున తగ్గుతోంది. పక్క ఊరి జనాభా 4200. ఏటా 80 చొప్పున పెరుగుతోంది. ఎన్నేళ్ళకి రెండు ఊళ్ళ జనాభా సమానమవుతుంది?

మీలో చాలామందికి చదవగానే జవాబు వచ్చేసి ఉంటుంది. దానికి రాలేదు. లెక్కని ఇంగ్లీషులో రెండుసార్లు గడగడా చదివేసి, "మావయ్యా, ఇది కూడాలా, భాగించాలా?" అంది.

"ముందు ఎక్స్ అనుకో" అన్నాను.

"అనుకున్నా."

"ఏంటది?"

"ఏంటి ఏంటది?"

"ఎక్స్ అంటే ఏంటి అని."

"ఎక్స్ అంటే జవాబు మావయ్యా" అంది, ఇంతమాత్రం తెలీదా అన్నట్టు.

నవ్వొచ్చింది గానీ, నవ్వలేదు. ఎందుకంటే ఆ వయసులో నేనూ అంతే. మా లెక్కల మాస్టారు బోర్డు మీద "ఎక్స్ అనుకొనుము" అని రాసేవారు, మేం అనుకునేవాళ్ళం. ఏమనుకున్నామో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇంటర్లో కార్పొరేట్ కాలేజీకి వచ్చాక అనుకోవడం కూడా పోయింది. ఫలానా మోడల్ లెక్కకి ఫలానా షార్ట్ కట్, అంతే. వయసుల లెక్క ఒక మోడల్, పడవ లెక్క ఒక మోడల్, జనాభా లెక్క ఒక మోడల్. ఎంసెట్లో ర్యాంకు వచ్చింది, సీటొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఎక్స్ అంటే ఏంటో మాత్రం ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి తెలిసింది. ఆ ముచ్చట తర్వాత చెప్తాను.

సరే, దాన్ని పుస్తకం మూసెయ్యమన్నాను. తెలుగులో కథలాగా చెప్పాను. "మన ఊళ్ళో 6800 మంది ఉన్నారు. ఏడాది తిరిగేసరికి ఎంతమంది?" "6680." "రెండేళ్ళకి?" "6560." "పక్కూరు?" "4280, 4360." ఇలా నాలుగేళ్ళు రాసేసరికి అదే అంది, "మావయ్యా, ఇలా ఎన్నిసార్లు రాయాలి?"

అదీ అసలు ప్రశ్న! ఎన్నిసార్లు రాయాలో తెలీదు కాబట్టే దానికో పేరు పెట్టుకోవాలి. ఎక్స్ వద్దు, ఏళ్ళు కాబట్టి 'సం' అని పెట్టుకో అన్నాను. అప్పుడు మన ఊరు 6800 - 120సం. పక్కూరు 4200 + 80సం. రెండూ సమానం కావాలి:

6800 - 120సం = 4200 + 80సం

2600 = 200సం

సం = 13

పదమూడేళ్ళు. సరిచూసుకుంటే మన ఊరు 6800 - 1560 = 5240. పక్కూరు 4200 + 1040 = 5240. సరిపోయింది.

"అటు నుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది" అని దానికి స్కూల్లో మంత్రం నేర్పారు. మనకీ అదే నేర్పారు. ఈ మంత్రం మీద నాకు ఎప్పట్నుంచో మంట. ఏదీ అటు నుంచి ఇటు రాదండీ. రెండు పక్కలా ఒకే సంఖ్య కలుపుతున్నాం, అంతే. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే అసలు సమీకరణమే అక్కర్లేదు. రెండూళ్ళకీ మధ్య తేడా 2600. ఇక్కడ 120 తగ్గుతుంటే అక్కడ 80 పెరుగుతోంది కాబట్టి ఆ తేడా ఏటా 200 కరిగిపోతోంది. 2600లో 200లు ఎన్ని? పదమూడు. సంతలో కూరగాయలమ్మే మామ్మ కాయితం లేకుండా చేసేస్తుంది. మనం మాత్రం సమీకరణం నేర్పి, తేడా కరగడాన్ని నేర్పం.

అలాగని సమీకరణం దండగ అనడం లేదు. ఊళ్ళు రెండు కాక ఇరవై అయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. కానీ బొమ్మ ముందు, అక్షరం తర్వాత. ఇది భాషకి సంబంధించిన గొడవ కూడా. మా మేనకోడలికి ఆ ఇంగ్లీషు లెక్కలో ప్రతి పదమూ తెలుసు. వాక్యం మాత్రం బొమ్మ కట్టలేదు. తెలుగులో చెప్పగానే కట్టింది. మీడియం గొడవలోకి నేను దిగడం లేదు, చూసింది చెప్తున్నానంతే.

ఇంకో మాట. మన కోడ్ రివ్యూల్లో రోజూ చూసేదీ ఇదే కదా? 'ఎక్స్', 'టెంప్1', 'డేటా2_న్యూ_ఫైనల్'. అడిగితే "అది వాల్యూ అండీ" అంటారు. ఏం వాల్యూ నాయనా? రోజులా, రూపాయలా, మనుషులా? ఎనిమిదో తరగతిలో "ఎక్స్ అంటే జవాబు" అనుకున్న పిల్లలే పెద్దయ్యి మన టీముల్లో చేరారు. నేనూ అందులో ఒకణ్ణి.

పుస్తకంలో లెక్కలన్నీ పదమూడు, పది, ఎనిమిది అని ముద్దుగా తెగుతాయి. నిజం లెక్క ఒకటి చేద్దామనిపించి, కాల్ పెట్టేశాక జనగణన అంకెలు తీశాను. 2001లో కేరళ జనాభా 318.4 లక్షలు. ఇప్పటి తెలంగాణ ప్రాంతానిది, అంటే అప్పటి పది జిల్లాలదీ కలిపి 309.9 లక్షలు. అప్పటికి ఆ రాష్ట్రం లేదు, జిల్లాలు ఉన్నాయి. 2011కి వచ్చేసరికి కేరళ 334.1 లక్షలు, ఆ పది జిల్లాలు 351.9 లక్షలు. అంటే మధ్యలో ఎక్కడో ఒకదాన్ని ఒకటి దాటేసింది. ఎప్పుడు?

కేరళ ఏటా సగటున 1.57 లక్షలు పెరిగింది. తెలంగాణ 4.20 లక్షలు. మొదట్లో తేడా 8.5 లక్షలు, అది ఏటా 2.63 లక్షల చొప్పున కరిగింది. 8.5ని 2.63తో భాగిస్తే 3.2 ఏళ్ళు. 2001 మార్చి నుంచి లెక్కేసుకుంటే 2004 మధ్యలో. అచ్చం మా మేనకోడలి లెక్కే, కాకపోతే ఇక్కడ రెండూ పెరుగుతున్నాయి, ఒకటి నెమ్మదిగా. మనమంతా ఆ ఏడాది ఎన్నికల హడావుడిలో ఉన్నప్పుడు ఈ దాటడం చప్పుడు కాకుండా జరిగిపోయింది.

ఈ జవాబుని నేను కాస్త నమ్ముతాను. ఎందుకంటే రెండు చివర్లూ మనకి తెలుసు, మధ్యలో గీత గీశాం. చివరి చుక్క దాటి బయటికి గీత లాగితేనే వస్తుంది చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1981లో 535.5 లక్షలు, 1991లో 665.1 లక్షలు. పదేళ్ళలో 129.6 లక్షలు పెరిగింది. 1991లో ఎవరైనా స్కేలు పెట్టి అదే గీత ముందుకి లాగి ఉంటే 2001కి 794.7 లక్షలని చెప్పేవారు. తీరా లెక్కపెడితే 762.1 లక్షలు. ముప్ఫై రెండున్నర లక్షల మంది కాయితం మీద పుట్టారు, భూమ్మీద పుట్టలేదు!

పోనీ 1991-2001 మధ్య పెరిగిన 97 లక్షలతో కొత్త గీత గీస్తే 2011కి 859.1 లక్షలు రావాలి. వచ్చింది 845.8. మళ్ళీ ఎక్కువే చెప్పాం. గీత వాలు తగ్గుతూ పోతోంది, మన స్కేలు మాత్రం నిటారుగానే ఉంది.

మామూలుగా మనకి చెప్పే హెచ్చరిక దీనికి తిరగేసి ఉంటుంది. జనాభా పెరగడం బారువడ్డీలా కాదు చక్రవడ్డీలా ఉంటుంది, కాబట్టి సరళరేఖ తక్కువ చెప్తుంది అంటారు. అదీ నిజమే. పదివేల మంది ఉన్న ఊరు ఏటా రెండొందల చొప్పున పెరిగితే యాభై ఏళ్ళకి ఇరవై వేలు. అదే ఏటా 2 శాతం చొప్పున పెరిగితే ఇరవై ఆరువేల తొమ్మిదొందల పైచిలుకు. కానీ ఆ శాతం కూడా ఎల్లకాలం ఒక్కలా ఉండదు కదా. ఉమ్మడి రాష్ట్రంలో అది 1981-91లో 24 శాతం ఉంటే, 2001-11కి 11 శాతానికి పడిపోయింది. 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసినప్పుడు ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్నారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనని ఎత్తేసింది. ముప్ఫై ఏళ్ళలో భయం అటు నుంచి ఇటు వచ్చింది, గుర్తు మారింది. ఈ ఒక్కచోట ఆ మంత్రం సరిపోయింది :)

ఇప్పుడు నా ముచ్చట. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక క్లయింట్ డేటాబేస్ సర్వర్ చూసుకునే పని నాది. డిస్క్ 500 జీబీ, అప్పటికి 300 నిండింది. రోజుకి 2 జీబీ చొప్పున పెరుగుతోంది. మిగిలింది 200, రెండుతో భాగిస్తే వంద రోజులు. ఎంత ముద్దుగా తెగిందో చూశారా? "మూడు నెలల పైన ఢోకా లేదు" అని మెయిల్ కొట్టి నిశ్చింతగా పడుకున్నాను.

నలభయ్యో రోజు అర్ధరాత్రి రెండింటికి ఫోను. డిస్క్ ఫుల్, అప్లికేషన్ డౌన్. లాగిన్ అయ్యి చూస్తే ఏముంది, ఇరవయ్యో రోజున వేరే టీము వాళ్ళు కొత్త బ్యాచ్ జాబ్ ఒకటి మొదలెట్టారు. అప్పట్నుంచి రోజుకి 8 జీబీ. మొదటి ఇరవై రోజుల్లో 40 పోగా మిగిలిన 160, ఎనిమిది చొప్పున ఇరవై రోజుల్లో హారతి కర్పూరం. పొద్దున్న మా మేనేజర్ తిట్టలేదు. తిట్టినా బావుండేది. "నీ భాగారం కరెక్టే. కానీ 'ఇలాగే పెరిగితే' అన్న ముక్క మెయిల్లో ఎక్కడుంది?" అన్నాడు.

లేదు. ఎనిమిదో తరగతి లెక్కలో "ఏటా 120 చొప్పున" అని ఉంటుంది చూశారా, నేను ఆ మాటని ఎప్పుడూ అంకె కోసమే చదివాను. షరతులా చదవలేదు. లెక్క మొత్తం నిలబడేది ఆ మాట మీదే. అప్పట్నుంచి ఏ అంచనా చెప్పినా "ఇలాగే ఉంటే" అని రాయకుండా పంపను. వెటకారం చేసేవాళ్ళు చేస్తారు, చెయ్యనివ్వండి.

అసలు విషయం ఇప్పటిదాకా చెప్పలేదు. లెక్క అయిపోయింది, పదమూడు అని గళ్ళ కాయితం మీద రాసి గీత కొట్టింది. ఇక ఫోను పెట్టేద్దామనుకుంటుంటే అడిగింది. "మావయ్యా, ఏటా 120 మంది చచ్చిపోతారా?"

నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాని డౌటు.

"లేదమ్మలూ. ఊళ్ళో కొందరు పుడతారు, కొందరు పోతారు. కొందరు బయట్నుంచి వస్తారు, కొందరు వెళ్ళిపోతారు. అన్నీ కలిపితే మిగిలేది 120. అనుకో, తొంభై మంది పుట్టారు, అరవై మంది పోయారు, ఇరవై మంది కోడళ్ళుగా వచ్చారు, నూట డెబ్భై మంది ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఎంత?"

వేళ్ళ మీద లెక్కపెట్టి, "మైనస్ 120" అంది. కాసేపాగి, "అయితే అమ్మ కూడా ఆ నూట డెబ్భైలో ఉందా?"

"ఉంది."

"నువ్వో?"

"నేనూ ఉన్నాను."

"ఓహో" అని ఫోను వాళ్ళమ్మకిచ్చేసి ఆడుకోడానికి పోయింది. పిల్లలంతే, మన నెత్తిన రాయి పడేసి వాళ్ళు పరిగెడతారు.

మా ఊళ్ళో మా ఇల్లు బడికి ఎదురుగానే. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న ప్రాథమిక పాఠశాల. నేను ఐదు పూర్తి చేసిన 2007లో 64 మందిమి ఉండేవాళ్ళం. 2025లో నాన్న ప్రార్థన టైములో అరుగు మీంచి లెక్కపెట్టి చెప్పిన సంఖ్య 28. ఆ సాయంత్రం చెయ్యి ఊరుకోక ఆ లెక్క కూడా చేశాను. పద్దెనిమిదేళ్ళలో 36 తగ్గారు, ఏటా ఇద్దరు. 28ని రెండుతో భాగిస్తే పద్నాలుగు. 2039లో సున్నా. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, "ఇలాగే తగ్గితే" అని కలిపి మరీ.

నాన్న డిగ్రీ చదవలేదు, వ్యవసాయం. విని, "పద్నాలుగేళ్ళెక్కడిదిరా" అన్నారు. "పిల్లలు తగ్గితే ఉన్న ఇద్దరు మాస్టర్లలో ఒకాయన్ని ఇంకో ఊరికి వేస్తారు. ఒక్క మాస్టరు ఐదు తరగతులు చెప్తున్నాడని తెలిస్తే మిగిలినవాళ్ళు కూడా పిల్లల్ని టౌన్లో ప్రైవేటు స్కూలు బస్సెక్కిస్తారు. నువ్వు సున్నా దాకా లెక్కపెడుతున్నావు. బడి సున్నా దాకా ఆగదురా."

నా డిస్క్ లెక్కలో జరిగిన తప్పే. వాలు ఒక్కలా ఉంటుందనుకున్నాను. తగ్గడమే ఇంకా తగ్గడానికి కారణమవుతుందని అరుగు మీద కూర్చునే మనిషికి తెలుసు, స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చున్న నాకు తట్టలేదు.

తర్వాత నాన్న మెల్లగా అడిగారు. "అది సరేగానీ, జనాభా లెక్కలు చేస్తారంటున్నారు కదా. ఆ టైముకి నువ్వు ఓ నాలుగు రోజులు సెలవు పెట్టి రాకూడదూ? మన ఇంట్లో ముగ్గురమని రాయిద్దాం."

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో వాయిదా పడి, 2027 మార్చి 1ని ఆధార తేదీగా పెట్టి 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చిన సంగతి మీకు తెలిసిందే. ఎవరు మామూలుగా ఎక్కడ కాపురముంటే అక్కడే రాస్తారు. ఓటు ఊళ్ళో ఉంది, రేషన్ కార్డులో పేరు ఊళ్ళో ఉంది. నేను మాత్రం హైదరాబాదులో ఫ్లాటులో ఉన్నాను. ఇదే నెలలో ఆ ఫ్లాటు కొనడానికి బ్యాంకు లోను కాయితాల మీద సంతకం కూడా పెట్టాను. ఇరవై ఏళ్ళ ఈఎంఐ. ఆ మాట నాన్నకి ఇంకా చెప్పలేదు. అడిగాక దాచడం బావుండదని చెప్పేశాను. రెండూ చెప్పాను.

కాసేపు అవతల ఏమీ వినబడలేదు. బడి గంట కూడా కాదు, ఆదివారం కదా.

"అయితే ఇక్కడ తీసేస్తారన్నమాట" అన్నారు. నేనేం మాట్లాడలేదు. ఆయనే మళ్ళీ, "సర్లే, అక్కడైనా కలుపుతారుగా. ఎక్కడో ఓ చోట లెక్కలో ఉండాలి" అని, గేదెకి గడ్డెయ్యాలని ఫోను పెట్టేశారు.

రాష్ట్రాల లెక్కలు చేసేటప్పుడు ఇక్కడ తగ్గింది అక్కడ పెరిగింది, మొత్తం సరిపోయింది అనుకుంటాం. మేనకోడలి లెక్కలో కూడా రెండూళ్ళూ సమానమవ్వగానే జవాబొచ్చేసింది. పద్నాలుగో ఏట ఏమవుతుందో పుస్తకం అడగదు. పద్నాలుగో ఏట కూడా ఆ ఊరు 120 తగ్గుతూనే ఉంటుంది.

నేను ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోతున్నానని రాయను. వెళ్ళను, ఆ అబద్ధం ఎందుకు. చేతనైంది ఒకటి మొదలెట్టాను. బడి మాస్టారితో మాట్లాడాను. శనివారం పూట గంటసేపు వీడియో కాల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి లెక్కలు చెప్తానన్నాను. ఆయన సంతోషపడ్డారు. దానివల్ల ఏటా ఇద్దరు తగ్గేది ఒకరు అవుతారేమో, అవ్వకపోవచ్చు కూడా. మొదటి శనివారం తొమ్మిదిమంది వచ్చారు. ఎక్స్ అన్న మాట ఎత్తలేదు. "మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?" అని మొదలెట్టాను. ఎవరికీ తెలీదు. వచ్చే వారానికి వీధుల వారీగా లెక్కపెట్టుకు రమ్మన్నాను.

మా మేనకోడలికి పరీక్షలో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. రెండు మార్కులు ఎందుకు పోయాయని అడిగితే, ఎక్స్ బదులు 'సం' అని రాసిందట. టీచరు ఒప్పుకోలేదు. ఆ రెండు మార్కుల పాపం నాదే :)

ఇంతకీ మీ ఊరి బళ్ళో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? మీరు ఐదు చదివినప్పుడు ఎంతమంది? తీసివేసి, ఏళ్ళతో భాగించి చూడండి. జవాబు రాగానే కింద "ఇలాగే ఉంటే" అని రాయడం మాత్రం మర్చిపోకండి.